కాలిఫోర్నియాలో అమ్మానాన్నల సంరక్షణకు ప్రభుత్వ సొమ్ము: ఐహెచ్‌ఎస్‌ఎస్ మొదటి ఫారం నుంచి మొదటి జీతం దాకా

మంచం దిగడానికి ఇంకో మనిషి చెయ్యి కావాల్సిన తల్లిని ఇంట్లోనే పెట్టుకుని చూసుకుంటున్న కూతురికి, ఆ పనికి గాను ప్రభుత్వం గంటల లెక్కన జీతం ఇస్తుంది. కాలిఫోర్నియాలో ఈ ఏర్పాటు 1973 నుంచీ ఉంది. పేరు ఇన్-హోమ్ సపోర్టివ్ సర్వీసెస్, అందరూ ఐహెచ్‌ఎస్‌ఎస్ అంటారు. 7 లక్షలకు పైగా వృద్ధులు, వికలాంగులు దీని కింద ఇంటి దగ్గరే సాయం పొందుతున్నారు. ఫ్రీమాంట్, శాన్ హోసే, శాన్ రామోన్ వైపు తెలుగు ఇళ్లలో అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు వచ్చి, ఓ ఐదారేళ్లు గడిచి, ఒకరు పడిపోయి తుంటి విరిగితేనో పక్షవాతం వస్తేనో గానీ ఈ పేరు చెవిన పడదు.

ఇది ఆంధ్రాలో ఒకటో తారీఖున ఇంటికొచ్చి చేతిలో పెట్టే పింఛను లాంటిది కాదు. పెద్దావిడ చేతికి డబ్బేమీ రాదు. ఆవిడకు ఏ పనిలో ఎన్ని నిమిషాల సాయం కావాలో కౌంటీ సోషల్ వర్కర్ కొలుస్తారు. ఆ నిమిషాలే గంటలవుతాయి. ఆ గంటలు పనిచేసిన మనిషికి జీతం వస్తుంది. అంటే దరఖాస్తు మొత్తం నిమిషాల చుట్టూనే తిరుగుతుంది, రోగం పేరు ఎంత పెద్దదన్నది తర్వాతి మాట. ఇది తెలియక, స్కాన్ రిపోర్టుల కట్ట ముందు పెట్టి, "ఏదో అలా గడిచిపోతోందండీ" అని చెప్పి, రావాల్సిన గంటలు పోగొట్టుకుంటారు.

మొదటి మెట్టు: మెడి-కాల్

ఐహెచ్‌ఎస్‌ఎస్‌కు మూడు అర్హతలు కావాలి. 65 ఏళ్లు నిండి ఉండాలి, లేదా చూపు లేకపోవాలి, లేదా వైకల్యం ఉండాలి. సొంత ఇంట్లో ఉండాలి. కొడుకు ఇల్లయినా, అద్దె ఇల్లయినా సొంత ఇంటి కిందే లెక్క, ఆసుపత్రీ నర్సింగ్ హోమూ కాకపోతే చాలు. మూడోది మెడి-కాల్, అంటే ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు రాష్ట్రం ఇచ్చే ఆరోగ్య బీమా. ఇది లేకపోతే మిగతా ఏదీ కదలదు.

మెడి-కాల్ అనగానే "మా ఆయన జీతం ఎక్కువ, మాకెందుకిస్తారు" అనుకుంటారు. 65 దాటిన తల్లిదండ్రుల అర్హతకు చూసేది వాళ్ల ఆదాయమే. భార్యాభర్తల ఆదాయం కలుపుతారు గానీ, ఒకే కప్పు కింద ఉన్నా కొడుకు జీతం కలపరు. వృద్ధుల విభాగంలో ఆదాయ పరిమితి పేదరిక రేఖకు 138 శాతం. 2025లో అది ఒక్కరికి నెలకు సుమారు 1,800 డాలర్లు, దంపతులకు సుమారు 2,433. ఇండియా నుంచి వచ్చే పింఛను, ఇంటద్దె కూడా ఆదాయమే, చూపించాలి. పరిమితి దాటితే "షేర్ ఆఫ్ కాస్ట్" పడుతుంది, అంటే నెలనెలా కొంత ఖర్చు తమ జేబులోంచి పెట్టుకున్నాకే మెడి-కాల్ మొదలవుతుంది.

ఆస్తుల దగ్గర ఇటీవల తిరకాసు వచ్చింది. 2024 జనవరిలో ఆస్తుల పరిమితి ఎత్తేశారు. 2026 జనవరి 1 నుంచి మళ్లీ పెట్టారు: ఒక్కరికి 1,30,000 డాలర్లు, ఇంకొకరు కలిస్తే 1,95,000. ఉంటున్న ఇల్లు, ఒక కారు లెక్కలోకి రావు. విజయవాడలో ఫ్లాటు, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్, ఊళ్లో పొలం మాత్రం దాచకూడదు. ఫారం మీద పెట్టే సంతకం, అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ఒప్పుకుంటూ పెట్టే సంతకం. రెండేళ్ల కిందట ఆస్తి అడగకుండానే మెడి-కాల్ వచ్చిన పక్కింటివాళ్ల అనుభవం ఇప్పుడు పనికిరాదు.

ఇక వీసా సంగతి. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు ఇది రాదు. గ్రీన్ కార్డు ఉంటే, ఫెడరల్ ప్రభుత్వం పెట్టిన ఐదేళ్ల ఎదురుచూపు కాలిఫోర్నియాలో అడ్డు కాదు; ఆ ఖర్చు రాష్ట్రం భరిస్తుంది. పబ్లిక్ చార్జ్ భయం, అంటే ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారని చెప్పి గ్రీన్ కార్డు కాదంటారేమోనన్న భయం, చాలామందిని వెనక్కి లాగుతుంది. 2022 నాటి నిబంధనలో ఇంటి దగ్గర పొందే సంరక్షణను అందులో లెక్కించలేదు. దాన్ని రద్దు చేసే ప్రతిపాదన 2025 నవంబరులో బయటికొచ్చింది. అందుకని గ్రీన్ కార్డు ఇంకా చేతికి రానివాళ్లూ, వాళ్ల పోషణ మాదని స్పాన్సర్‌గా ఐ-864 ఫారం మీద సంతకం పెట్టిన పిల్లలూ దరఖాస్తుకు ముందే ఇమ్మిగ్రేషన్ లాయరుకు ఒక గంట ఫీజు కట్టడం మంచిది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఇంకొకటి: ఏకబిగిన 180 రోజులు దాటి ఇండియాలో ఉండి వస్తే, తిరిగి రావడాన్ని కొత్తగా ప్రవేశం కోరినట్టు పరిగణించవచ్చు. సంక్రాంతికి వెళ్లి శ్రావణ మాసం దాకా ఉండిపోయే అలవాటున్న ఇళ్లలో ఈ లెక్క గోడమీద క్యాలెండరులో రాసిపెట్టుకోవాలి.

మెడి-కాల్, ఐహెచ్‌ఎస్‌ఎస్ దరఖాస్తులు రెండూ ఒకే రోజు పెట్టొచ్చు. ఒకటి వచ్చాక రెండోది పెడదామని ఆగితే, ఆగిన నెలలు దండగ.

రెండు కాగితాలు: 295, 873

దరఖాస్తు ఫారం పేరు ఎస్‌ఓసీ 295. కౌంటీ ఐహెచ్‌ఎస్‌ఎస్ కార్యాలయానికి ఫోన్ చేసినా తీసుకుంటారు. ఫోన్ చేసిన తారీఖు, మాట్లాడిన మనిషి పేరు, కేసు నంబరు ఒక పుస్తకంలో రాసుకోండి. ఆ తారీఖు నుంచే రోజూ చేసిన సాయం కూడా రాసి ఉంచండి. మంజూరు ఏ తారీఖు నుంచి అమలైతే ఆ తారీఖు నుంచి చేసిన పనికి వెనకటి జీతం అడగొచ్చు, కానీ రాసి లేకపోతే అడగడానికి ఏమీ ఉండదు. ఫారంలో భాష అడిగే చోట తెలుగు అని రాయండి. ఎందుకో కింద తెలుస్తుంది.

రెండోది ఎస్‌ఓసీ 873. ఇది డాక్టరు గానీ, నర్స్ ప్రాక్టీషనర్, ఫిజికల్ థెరపిస్టు లాంటి లైసెన్సున్న వైద్య నిపుణులు గానీ నింపాలి. కౌంటీ అడిగిన 45 రోజుల్లో చేరకపోతే దరఖాస్తు తిరస్కరిస్తారు. ఫారం చిన్నదే. అందులో రెండు ప్రశ్నలకు జవాబు సరిగ్గా ఉండాలి: రోజువారీ పనుల్లో ఒకటైనా తనంతట తాను చేసుకోలేరా? ఈ సాయం లేకపోతే ఇల్లు వదిలి వేరే సంస్థలో ఉండాల్సిన ముప్పు ఉందా? మొదటిదానికి "అవును" పెట్టి రెండోది ఖాళీ వదిలేసిన ఫారం పనికిరాదు. డాక్టరు ఆఫీసుకు ఫ్యాక్స్ పంపి ఊరుకోకండి. ఖాళీ ఫారంతో పాటు అమ్మకు ఏ పనిలో సాయం కావాలో ఒక పేజీ రాసి, అపాయింట్‌మెంటుకు చేత్తో పట్టుకెళ్లండి. పదిహేను నిమిషాల అపాయింట్‌మెంటులో ఆమె బాత్‌రూముకు ఎలా వెళుతుందో డాక్టరుకు ఎవరూ చెప్పి ఉండరు.

నిమిషాల పుస్తకం

సోషల్ వర్కర్ ఇంటికి రాకముందు కనీసం ఒక వారం రోజులు, గడియారం చూసి రాయాలి. రాష్ట్రం ప్రతి పనికీ ఒక ర్యాంకు ఇస్తుంది. 1 అంటే తనే చేసుకోగలరు. 2 అంటే చెబితే, గుర్తుచేస్తే, పక్కన నిలబడి ధైర్యమిస్తే చేసుకుంటారు. 3 అంటే కొంత చెయ్యి వేయాలి. 4 అంటే చాలావరకు ఇంకొకరే చేయాలి. 5 అంటే పూర్తిగా ఇంకొకరే. ఒక్కో ర్యాంకుకు వారానికి ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా అని మార్గదర్శక పట్టిక ఉంటుంది. ఉదాహరణకు మంచం, కుర్చీ, కమోడు మీంచి లేపి కూర్చోబెట్టడం ర్యాంకు 2లో 0.50 నుంచి 1.17 గంటలు, ర్యాంకు 4లో 1.10 నుంచి 2.33. స్నానం, పళ్లు తోమడం, తల దువ్వడం అన్నీ కలిపి ర్యాంకు 2లో 0.50–1.92, ర్యాంకు 4లో 2.35–4.08. మలమూత్ర అవసరాల సాయం ర్యాంకు 2లో 0.58–2.00, ర్యాంకు 4లో 2.91–5.83.

పక్షవాతంతో ఎడమ పక్క పనిచేయని ఒక పెద్దావిడ రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున్న లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా పదిసార్లు లేపి కూర్చోబెట్టాలి. ఒక్కోసారికి రెండు నిమిషాలు: కాళ్లు మంచం కిందికి దించి, చంకలో చెయ్యి వేసి, కాస్త నిలదొక్కుకోనిచ్చి, కుర్చీ వైపు తిప్పి. రోజుకు 20 నిమిషాలు, వారానికి 140, అంటే 2.33 గంటలు. స్నానం పనులు రోజుకు 35 నిమిషాలు, వారానికి 4.08 గంటలు. బట్టలు మార్చడం పొద్దున, రాత్రి కలిపి 20 నిమిషాలు, 2.33. ఇంట్లో పట్టుకుని నడిపించడం 25 నిమిషాలు, 2.92. బాత్‌రూము, డైపరు, కడగడం 50 నిమిషాలు, 5.83. తినిపించడం 30 నిమిషాలు, 3.50. వంట రోజుకు గంట, 7.00. గిన్నెలు, బల్ల తుడవడం 30 నిమిషాలు, 3.50. మొత్తం వారానికి 31.49 గంటలు. దీన్ని నెలకు సగటు వారాలైన 4.33తో గుణిస్తే నెలకు 136 గంటలు. 2026లో రాష్ట్ర కనీస వేతనం గంటకు 16.90 డాలర్లు, ఆ రేటుకే నెలకు సుమారు 2,300 డాలర్లు. బే ఏరియా కౌంటీల్లో ఐహెచ్‌ఎస్‌ఎస్ రేటు ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది.

అదే ఆవిడ గురించి "మెల్లగా తనే చేసుకుంటుందండీ, మేం పక్కనే ఉంటాం" అని చెబితే అన్నీ ర్యాంకు 2కు దిగిపోతాయి. అబద్ధం చెప్పమని కాదు. పక్కన ఉండి చేసేదేమిటో విడమర్చి చెప్పమని. పక్కన నిలబడి నడుము పట్టుకుంటున్నారంటే అది చెయ్యి వేయడమే.

పట్టిక పై అంచు దాటిన అవసరం ఉంటే దానికీ దారి ఉంది. విరేచనాలు పట్టుకోలేకపోవడం వల్ల రోజుకు మూడుసార్లు పక్క బట్టలు మార్చాల్సి వస్తోందనుకోండి. కారణం రాయించి, మినహాయింపు అడగాలి. నోటిమాటగా అడిగితే నిలవదు. నెలకు గరిష్ఠం 283 గంటలు.

ఇంటి పనులకు లెక్క వేరు. ఇల్లు ఊడ్చి తుడవడానికి ఇంటి మొత్తానికి నెలకు 6 గంటలే. దాన్నీ ఇంట్లో ఉన్నవాళ్ల తలల మీద పంచుతారు. ఐదుగురుంటే ఆవిడ వాటా 1.2 గంటలు. బట్టలుతకడం ఇంట్లో యంత్రం ఉంటే వారానికి గంట, సరుకులు తేవడం వారానికి గంట, మందుల షాపు లాంటి బయటి పనులకు అరగంట.

వంట దగ్గర మాత్రం పోట్లాడాల్సిన అవసరం ఉంది. అందరికీ వండిన పప్పూ కూరే ఆవిడకూ పెడితే వంట సమయాన్నీ పంచుతారు. కానీ మింగడం కష్టమై అన్నం విడిగా మెత్తగా ఉడికించి మిక్సీలో పట్టి, ఉప్పు లేకుండా కూర వేరే చేసి, సాయంత్రం రాగి జావ కాచి ఇస్తుంటే, అది ఆవిడ ఒక్కరి వంట. పంచకూడదు. ఈ ముక్క మీరు చెప్పకపోతే, పొయ్యి మీద ఒక్క గిన్నె కనబడగానే లెక్కలో ఐదో వంతే రాస్తారు.

సోషల్ వర్కర్ వచ్చే రోజు

తెలుగిళ్లలో గంటలు ఎక్కువగా పోయేది ఇక్కడే. ఎవరో ఆఫీసరమ్మ వస్తోందంటే అమ్మకు జుట్టు దువ్వి, ఇస్త్రీ చీర కట్టి, సోఫాలో దిండు ఆనించి కూర్చోబెడతారు. వాకర్‌ను బట్టల గదిలోకి నెడతారు. డైపర్ల పెట్టె కనబడకుండా గ్యారేజీకి పోతుంది. సోషల్ వర్కర్ "స్నానం మీరే చేస్తారా?" అని అడిగితే, అరవై ఏళ్లుగా పరాయివాళ్ల ముందు ఒంటి విషయం ఎత్తని ఆవిడ "ఆఁ, చేసుకుంటానమ్మా" అంటుంది. "మీకు ఎవరు సాయం చేస్తారు?" అంటే, "మా కోడలు బంగారం, అన్నీ చూసుకుంటుంది" అంటుంది. రెండూ మర్యాద మాటలే. ఒకటి ర్యాంకు 1 అవుతుంది. రెండోదాన్ని కోడలు ఉచితంగా చేస్తోందని రాసుకుంటారు.

అందుకే కొన్ని పనులు చేయాలి. ఇల్లు రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉంచండి. వాకరు, కమోడు కుర్చీ, బెడ్ రెయిల్, మందుల డబ్బా ఎక్కడివక్కడే ఉండాలి. ముందురోజు అమ్మతో కూర్చుని, రేపు సిగ్గుపడే ప్రశ్నలు అడుగుతారనీ, చేయలేనిది చేయలేనని చెప్పాలనీ నచ్చజెప్పండి. మంచి రోజూ చెడ్డ రోజూ రెండూ చెప్పాలి: "వారంలో రెండు రోజులు కర్ర పట్టుకుని నడుస్తుంది, మిగతా ఐదు రోజులు ఇద్దరం పట్టుకోవాలి" అన్నది సరైన జవాబు. నిమిషాల పుస్తకం నకలు ఒకటి సోషల్ వర్కర్ చేతికివ్వండి. ఫైలులో ఉన్న కాగితం తర్వాత హియరింగుకు, అంటే అప్పీలు విచారణకు, పనికొస్తుంది.

ఇంకొకటి, భాష. కౌంటీ ఖర్చుతో తెలుగు దుబాసీని ఫోన్‌లో పెట్టించమని అడిగే హక్కు మీది. కొడుకే తర్జుమా చేస్తే అమ్మ డైపరు మాట ఎత్తదు. దుబాసీ ఉన్నా మన క్రియలతో జాగ్రత్త. "చేసుకుంటుంది", "చేయిస్తాం", "చూసుకుంటాం" అన్న మూడింటికీ ఇంగ్లిషులో వెళ్లే అర్థాలు మూడు. "మేం చూసుకుంటాం" అన్నది అవతల "సాయం అవసరం లేదు" గా చేరిపోవచ్చు. ఎవరు, ఏం, ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు: ఈ నాలుగూ ఉన్న వాక్యాలే మాట్లాడండి.

ఎస్‌ఓసీ 450 అనే ఫారం ముందు పెడితే ఆగండి. ఫలానా పని నేను జీతం లేకుండా చేస్తానని ఒప్పుకునే కాగితం అది. "మా అమ్మకు నేను డబ్బు తీసుకుంటానా" అన్న మొహమాటంతో సంతకం పెడితే ఆ పనికి గంటలు పోతాయి. పిల్లలు ఉచితంగా చేయాలన్న నియమం ఈ పథకంలో లేదు.

భార్యాభర్తలకు మాత్రం ఉంది. నాన్న ఆరోగ్యంగా ఇంట్లోనే ఉంటే అమ్మ వంట, ఇంటి శుభ్రం, బట్టలు, సరుకుల గంటలు ఇవ్వరు. స్నానం, బాత్‌రూము లాంటి ఒంటి పనులకు మాత్రం భర్తకైనా జీతం ఇస్తారు. ఆయనకూ 78 ఏళ్లు, గుండె బలహీనం అయితే, బరువు ఎత్తలేరని ఆయన డాక్టరు దగ్గర ఉత్తరం ముందే తెచ్చి పెట్టుకోండి.

డాక్టరు దగ్గరికి తోడు వెళ్లడానికి ప్రయాణ సమయం, ఆసుపత్రిలో వేచి ఉండే సమయం ఇస్తారు. ఏ డాక్టరు, ఏడాదికి ఎన్నిసార్లు అన్న జాబితా ఇవ్వండి. ఇన్సులిన్ ఇంజెక్షన్, షుగరు పరీక్ష, పుండు కట్టు, గొట్టం ద్వారా ఆహారం, కీళ్లు కదిలించే వ్యాయామాలకు ఎస్‌ఓసీ 321 ఫారం మీద డాక్టరు నిమిషాలు వేసి సంతకం చేయాలి. గుడికి తీసుకెళ్లడానికీ, కబుర్లకు తోడు కూర్చోవడానికీ గంటలు లేవు.

మతిమరుపు ఉంటే

డిమెన్షియా ఉన్నవాళ్లకు ప్రొటెక్టివ్ సూపర్‌విజన్ అని వేరే సేవ ఉంది. ఇది వస్తే గంటలు 195 నుంచి 283 దాకా వెళతాయి. అందుకే కాదనడమూ ఎక్కువే. నాలుగు సంగతులు రుజువు కావాలి: మనసు దెబ్బతిన్నది, ఏది ప్రమాదమో తెలుసుకునే స్థితి లేదు, వదిలేస్తే తనకు తానే హాని చేసుకునే పని చేస్తారు, 24 గంటలూ కనిపెట్టి ఉండాలి. డాక్టరు నింపే ఫారం ఎస్‌ఓసీ 821. జ్ఞాపకశక్తి, స్థలకాల స్పృహ, విచక్షణ మూడింటి తీవ్రత గుర్తించి, వివరం రాయాలి. "మోడరేట్" అని టిక్కు పెట్టి కింద గీత ఖాళీగా వదిలిన ఫారాలే ఎక్కువ దెబ్బతింటాయి.

మీ వంతు సంఘటనల పట్టిక. తారీఖు, సమయం, ఏం జరిగింది, ఎవరు ఆపారు. "గ్యాస్ స్టవ్ వెలిగించి ఖాళీ గిన్నె పెట్టి వెళ్లిపోయారు, కోడలు కట్టేసింది." "తెల్లవారుజామున నాలుగింటికి ముందు తలుపు తీసి బస్సుకు వెళ్లాలని రోడ్డు మీదికొచ్చారు." గత నెలలో ఏమీ జరగలేదంటే, మీరు నిద్ర మానుకుని కాపలా ఉన్నారు గనకే జరగలేదని రాయండి. లేకపోతే "ఇటీవల ప్రమాదాలు లేవు" అన్నదే తిరస్కారానికి కారణమవుతుంది. పడిపోతారేమోనన్న భయం, ఫిట్స్ వస్తాయేమోనన్న భయం ఇక్కడ చెల్లవు. ఈ సేవ శరీర బలహీనత కోసం కాదు. అసలు కదలలేని మనిషికి కూడా ఇవ్వరు, తనకు తాను హాని చేసుకునే వీలు లేదంటారు. మిగతా గంటలు ఎవరు కాపలా ఉంటారో చూపే ఎస్‌ఓసీ 825 కూడా నింపాలి.

ఆటిజం లాంటి వైకల్యాలున్న పిల్లల తల్లిదండ్రులకూ ఇదే ప్రధానమైన దారి. ఇద్దరూ ఐటీ ఉద్యోగులైతే మెడి-కాల్ రాదని వదిలేస్తారు. బిడ్డ రీజినల్ సెంటర్‌లో (వికాస వైకల్యాలున్నవాళ్లకు సేవలు చూసే కేంద్రం) నమోదై, వికాస వైకల్యాల వేవర్ అనే మినహాయింపుకు అర్హత పొందితే తల్లిదండ్రుల ఆదాయం లెక్కించరు. ఇంటి శుభ్రం గంటలు పిల్లలకు ఉండవు. అదే వయసున్న మామూలు బిడ్డకు అవసరమయ్యే దానికన్నా ఎంత ఎక్కువ కాపలా కావాలో చూపించాలి.

జీతం తీసుకునే మనిషి

ప్రొవైడర్‌గా కొడుకు, కూతురు, కోడలు, పక్కింటావిడ ఎవరైనా ఉండొచ్చు, అమెరికాలో పనిచేసే అనుమతి ఉంటే. తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు తెచ్చిన సంతానం పౌరులే అయి ఉంటారు గనక వాళ్లకు ఇబ్బంది లేదు. ఇబ్బంది తమ్ముడి దగ్గరో మరదలి దగ్గరో వస్తుంది: హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు వేరే చోట జీతం తీసుకోకూడదు, హెచ్-4 మీద ఉన్నవాళ్లకు పని అనుమతి కార్డు ఉండాలి.

చేయాల్సినవి: ఎస్‌ఓసీ 426 ఫారం, ఓరియెంటేషన్, సొంత ఖర్చుతో లైవ్ స్కాన్ వేలిముద్రలు, ఎస్‌ఓసీ 846 ఒప్పందం. పెద్దావిడ వైపు నుంచి ఫలానా మనిషే నా ప్రొవైడర్ అని ఎస్‌ఓసీ 426ఏ. మంజూరు కోసం ఆగకుండా ఇవి ముందే మొదలుపెట్టండి.

ఒకే ఇంట్లో కలిసి ఉంటే ఎస్‌ఓసీ 2298 తప్పక పెట్టండి. ఐఆర్‌ఎస్ 2014-7 నోటీసు ప్రకారం ఈ జీతం ఫెడరల్ ఆదాయపు పన్ను పరిధిలోకి రాదు. ఈ ఫారం పెడితే పన్ను కోత ఆగుతుంది. కలిసి ఉన్నామని కాగితం చేరితే ఎలక్ట్రానిక్ హాజరు గొడవా ఉండదు.

నోటీసు వచ్చాక

కౌంటీ నిర్ణయం తెలిపే నోటీస్ ఆఫ్ యాక్షన్‌లో ఒక్కో పనికి ఎన్ని గంటలో వరుసగా ఉంటుంది. మొత్తం చూసి సంబరపడకుండా మీ నిమిషాల పుస్తకంతో వరుస వరుసా పోల్చండి. సున్నా పడిన వరుసలు వెతకండి. ర్యాంకులు తెలియాలంటే ఎస్‌ఓసీ 293 నకలు ఇమ్మని రాతపూర్వకంగా అడగాలి.

ఒప్పుకోకపోతే 90 రోజుల్లో స్టేట్ హియరింగ్ అడగొచ్చు. నోటీసు వెనకవైపే పద్ధతి ఉంటుంది. ఉన్న గంటలు తగ్గిస్తూ వచ్చిన నోటీసైతే 90 రోజులు చూడొద్దు. తగ్గింపు అమలయ్యే తారీఖు లోపు హియరింగ్ అడిగితే తీర్పు దాకా పాత గంటలే నడుస్తాయి. హియరింగుకు ముందు కౌంటీ మనిషి ఫోన్ చేసి, మళ్లీ అంచనా వేస్తాం, వెనక్కి తీసుకోండి అంటారు. మంచి మాటే కావచ్చు, ఏ పనులు మళ్లీ కొలుస్తారో, ఏ తారీఖు నుంచి వర్తిస్తుందో కాగితం మీద వచ్చాకే సరేననండి. హియరింగులోనూ తెలుగు దుబాసీ ఉచితం.

టైమ్‌షీట్ల దగ్గర

నెలకు రెండు టైమ్‌షీట్లు: 1 నుంచి 15, 16 నుంచి నెలాఖరు. ఆన్‌లైన్‌లో గానీ ఫోన్‌లో గానీ ప్రొవైడర్ పంపితే పెద్దావిడ ఆమోదించాలి. పాస్‌వర్డు కొడుకు దగ్గరే ఉంచుకుని రెండు వైపులా తానే నొక్కడం ఇళ్లలో మామూలైపోయింది, అది తప్పు. ఆమె ఆమోదించలేని స్థితిలో ఉంటే జీతం తీసుకోని ఇంకో కుటుంబ సభ్యుణ్ణి అధికార ప్రతినిధిగా పెట్టించండి.

నెల గంటల్ని నాలుగుతో భాగిస్తే వారం పరిమితి. 136 గంటలకు వారానికి 34. వారం ఆదివారంతో మొదలవుతుంది. 40 దాటిన గంటలకు ఒకటిన్నర రెట్లు. అమ్మనూ నాన్ననూ ఒకరే చూసుకుంటుంటే ఇద్దరివీ కలిపి వారానికి 66 గంటలే. మంజూరు అంతకు మించితే రెండో ప్రొవైడర్‌ను చేర్చండి. పరిమితి దాటి నాలుగు ఉల్లంఘనలు పడితే ఏడాది పాటు ప్రొవైడర్‌గా పనికిరారు.

ఆసుపత్రిలో ఉన్న రోజులకు గంటలు వేయకూడదు. చేరిన రోజు చేరేముందు, వచ్చిన రోజు వచ్చాక ఇంట్లో చేసిన పని మాత్రమే. రాత్రంతా ఆసుపత్రి కుర్చీలో కూర్చున్నదీ మీరే కావచ్చు, దానికి జీతం లేదు. ఆసుపత్రి బిల్లూ మెడి-కాల్‌కే వెళుతుంది గనక రెండు తారీఖులూ పక్కపక్కనే కనబడతాయి, డబ్బు వెనక్కి కట్టమని ఉత్తరం వస్తుంది. ఇండియా ప్రయాణమైతే టికెట్లు కొనగానే సోషల్ వర్కర్‌కు రాసి పంపండి, దేశం బయట ఉన్న రోజులకు గంటలు వేయకండి. వెళ్లేముందు మెడి-కాల్ రెన్యువల్ నెల ఏదో కూడా చూసుకోండి. పసుపు కవరో తెల్ల కవరో ఏదో ఒకటి తపాలా పెట్టెలో పడి ఉండగా గడువు దాటితే మెడి-కాల్ ఆగుతుంది, దానితో పాటే గంటలూ ఆగుతాయి.